ఉప్పు, ఎండుచేప, మంచినీరు: పల్నాటి వైపు నుంచి తెలుగు సముద్రతీర ఆహారచరిత్ర

వ్యాససంగ్రహం

సముద్రతీర విహారం అనగానే నేటి తెలుగు కుటుంబానికి చేపల వేపుడు, రొయ్యల ఇగురు, కొబ్బరిబొండం, తాటిముంజలు గుర్తుకు వస్తాయి. ఈ ఆహారం తీరంలో ఎప్పుడూ ఉన్నదే. దానిని ఆస్వాదించడానికి లోనాడుల వారు తీరానికి వెళ్లడం మాత్రం ఇటీవలి పరిణామం. అంతకు ముందు శతాబ్దాలపాటు సముద్రపు రుచి ఉప్పుగా, ఎండుచేపగా, రేవు దిగిన సుగంధద్రవ్యంగా లోనాడులకు వచ్చింది. జనం తీరానికి వెళ్లింది పర్వస్నానానికి, అదీ ఎక్కువగా చేప ముట్టని రోజుల్లో. తెలుగు కావ్యసంప్రదాయం రేవు సరకునూ పుణ్యస్నానాన్నీ వర్ణించినంతగా తీరవాసుల వంటను వర్ణించలేదు. మెట్టప్రాంతమైన పల్నాటి జొన్నకూటికీ ఆ సంప్రదాయంలో అదే స్థితి. ఈ రెండు విస్మృతులకు మూలం ఒకటేనని ప్రతిపాదించి, పల్నాటి చాపకూడు సంప్రదాయం వెలుగులో నేటి తీరవిహారాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పల్నాడు, మోటుపల్లి, సూర్యలంక, సముద్రస్నానం, ఉప్పు ఎరుకల, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, చాపకూడు.

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా దాచేపల్లి మండలంలోని నడికుడి రైల్వే కూడలి. గుంటూరు నుంచి మాచర్లకు పోయే దారి, హైదరాబాదు వైపు పోయే దారి ఇక్కడ చీలుతాయి. చుట్టూ సున్నపురాతి నేలలు, మిరప, పత్తి చేలు, ఉత్తరాన కృష్ణానది. సముద్రపు గాలి సోకని ఊరు ఇది. అయినా ఇక్కడ ఉదయం రైలెక్కిన కుటుంబం గుంటూరు మీదుగా బాపట్ల చేరి, సాయంకాలానికి సూర్యలంక ఇసుకలో కూర్చొని వేయించిన చేప తినగలదు. ఈ ఒక్క రోజు ప్రయాణం వెనుక కొన్ని శతాబ్దాల ఆహారచరిత్ర ఉన్నది.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కావ్యాలను సాంఘిక చరిత్రకు ఆధారాలుగా చదివే పద్ధతిని స్థిరపరచింది. ఆహారం విషయంలో తెలుగు పరిశోధకులకు నేటికీ అదే ఆకరం. అయితే కావ్యాన్ని ఆధారంగా తీసుకొన్నప్పుడు కవి ఏమి తిన్నాడో, ఎవరి పంక్తిలో తిన్నాడో కూడ అడగవలసి ఉంటుంది. కవి పంక్తికి వెలుపల ఉన్న వంటలు కావ్యంలో కనిపించకపోవడం వాటి లేమికి నిదర్శనం కాదు. అందుచేత ఈ వ్యాసంలో కావ్యాలతోపాటు శాసనాన్ని, సామెతను, వృత్తికులాల చరిత్రను, నేటి వాడుకలోని వంటకాలను కలిపి పరిశీలించడం జరిగింది.

పల్నాటి వైపు నుంచే చూడడానికి కారణం ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో పల్నాటి వీరుల కారెంపూడి, మాచర్లలతోపాటు రెడ్డిరాజుల కొండవీడు, వల్లభరాయని పేరుతో ముడివడిన వినుకొండ కూడ ఉన్నాయి. అదే రోజు ఏర్పడిన బాపట్ల జిల్లాలో మోటుపల్లి రేవు, సూర్యలంక తీరం ఉన్నాయి. రేవుకూ రాజధానికీ, తీరానికీ మెట్టకూ నడుమ నడిచిన రుచుల రాకపోకలను గమనించడానికి ఇంతకంటె అనువైన జంట అరుదు.

2. తీరం నుంచి మెట్టకు: ఉప్పు, ఎండుచేప

‘చెట్టు మీది కాయకు, సముద్రంలోని ఉప్పుకు లంకె’ అనే సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. ఎక్కడో కొండవాలున కాచిన ఉసిరికాయ, ఎక్కడో తీరాన పండిన ఉప్పు ఒక జాడీలో కలుస్తాయి. విధి కలిపిన బంధాన్ని చెప్పడానికి దీనిని వాడుతారు. ఆహారచరిత్ర దృష్టితో చూస్తే ఇది లోనాడుకూ తీరానికీ నడుమనున్న తొలి సంబంధాన్ని సూటిగా చెప్పే మాట. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఇంటిలో కూడ సముద్రం ప్రతిపూటా ఉన్నది.

ఆ ఉప్పు దానంతట అది రాలేదు. చినగంజాం మొదలైన తీరప్రాంతాల ఉప్పుకొఠారుల నుంచి పల్నాటి వంటి మెట్టసీమలకు దానిని ఎద్దులమీద, గాడిదలమీద మోసుకొని వచ్చినవారు లంబాడీలు, ఎరుకలవారు. వారు తీరం నుంచి ఉప్పు తెచ్చి, లోనాడులలో ధాన్యంతో మారకం వేసేవారు. ఎరుకలలో ‘ఉప్పు ఎరుకల’ అనే శాఖాభేదమే ఏర్పడింది. 1909లో వెలువడిన థర్‌స్టన్ దక్షిణభారత కులాల గ్రంథం ఇటువంటి వృత్తిభేదాలను నమోదు చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఉప్పుమీద కంపెనీ ప్రభుత్వం గుత్తాధిపత్యం స్థాపించడం, తరువాత రైళ్లు సరకు రవాణాను అందుకోవడం వీరి జీవికను దెబ్బతీశాయి. సంచారమే జీవనమైన వారిమీద అనుమానం పెరిగింది. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. 1913 ప్రాంతంలో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టువర్టుపురం ఆవాసంలో ఎరుకల కుటుంబాలను నిలిపారు. తీరపు ఉప్పును మెట్టకు మోసిన జాతివారిని ఆ తీరానికి చేరువలోనే కట్టడిలో ఉంచడం ఈ ఆహారచరిత్రలో గుర్తుంచుకోవలసిన ఘట్టం. స్వాతంత్ర్యానంతరం 1952లో ఆ చట్టపు ముద్ర తొలగింది. కాని ఆ ఊరిపేరు చుట్టూ అల్లుకొన్న అపవాదు కథలలో, చలనచిత్రాలలో నేటికీ కొనసాగుతున్నది. ఆ కథలలో దోపిడి ఉంటుంది, ఉప్పు ఉండదు.

ఉప్పు రాజకీయ ప్రతీకగా మారిన 1930లో ప్రకాశం పంతులు దేవరంపాడు కేంద్రంగా సత్యాగ్రహం నడిపారు. తీరానికి జనం స్నానానికి కాక ఉప్పు వండడానికి కదలిన సందర్భమది.

ఉప్పు వెంట ఎండుచేప వచ్చింది. పచ్చిచేప లోనాడు చేరేలోగా చెడిపోతుంది. ఉప్పు, ఎండ కలిసి దానికి ఆయువు పోశాయి. నెత్తళ్లు, సావళ్లు, ఎండురొయ్యలు, రొయ్యపొట్టు తీరంలో స్త్రీల చేతులమీదుగా ఆరి, గంపలకెక్కి మెట్టసంతలకు చేరేవి. గుంటూరు, పల్నాటి ఇళ్లలో గోంగూర–ఎండురొయ్యలు, చింతచిగురు–ఎండురొయ్యలు, ఎండుచేపల పులుసు ప్రాంతీయ వంటలుగా నిలిచాయి. మెట్టనేల పులుపు, కడలి ఉప్పదనం ఒక దాకలో కలవడం పైసామెతకు వంటింటి రూపం. వాన లేనినాడు, కూరగాయ దొరకనినాడు గుప్పెడు రొయ్యపొట్టు జొన్నసంకటికి తోడయింది. సముద్రతీర ఆహారం పల్నాటివానికి మొదట ఇలా పేదవాని నంజుడుగా పరిచయమైనది. విహారభోజనం కావడం చాల తరువాతి మాట.

3. రేవు దిగిన భోగం: మోటుపల్లి, కొండవీడు

ఇదే సముద్రం మరొక తరగతికి మరొక రుచిని పంపింది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ప్రసిద్ధం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన సరకును పూర్వపు రాజులు అపహరించేవారనీ, తాము మాత్రం ముప్పయింట ఒకవంతు సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే విడిచామనీ అందులోని సారాంశం. చందనం, కర్పూరం, పన్నీరు, మిరియాలు వంటి ద్రవ్యాల ప్రస్తావన అందులో ఉన్నది. ఆ శతాబ్ది చివర మార్కోపోలో ‘ముత్ఫిలి’ అని పేర్కొన్నది ఈ రేవు పేరుతో పిలిచిన రాజ్యాన్నే. రెడ్డిరాజ్యకాలంలో అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు.

రేవుకు దిగిన ఈ సరకు కొండవీటి విలాసజీవనానికి ఊపిరి. కుమారగిరిరెడ్డికి ‘కర్పూర వసంతరాయలు’ అనే బిరుదు రావడానికి కారణం వసంతోత్సవాలలో వెదజల్లిన కర్పూరం. ఆ సుగంధద్రవ్యాలను సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితం చేశాడు. ఆ కావ్య అవతారికలో హురుముంజి గుఱ్ఱాలు, సింహళ గజాలు, చీనాంబరాలు, కస్తూరి, కర్పూరం దిగుమతి సరకులుగా కనిపిస్తాయి. తెలుగు కావ్యంలో సముద్రవాణిజ్యాన్ని ఇంత వివరంగా చెప్పిన ఘట్టాలు తక్కువ.

ఇక్కడ గమనించవలసినది ఎంపిక. రేవు అంటే సరకులు దిగే చోటు మాత్రమే కాదు. అక్కడ వలవేసేవారు, ఉప్పు పండించేవారు, ఓడ సరకు మోసేవారు నివసిస్తారు, వండుకొని తింటారు. కావ్యానికి దూరదేశపు కర్పూరం కనిపించినంత దగ్గరగా రేవుపల్లెలోని చేపలపులుసు కనిపించలేదు. కృతిభర్త వ్యాపారవైభవం వర్ణ్యవస్తువు అయినప్పుడు ఇది సహజమే. కాని ఆ సహజత్వమే తరువాతి శతాబ్దాలలో ఆధారాల అసమతుల్యతగా పరిణమించింది.

4. కావ్యపంక్తి: ఎవరి నాలుక?

పల్నాటిమీద శ్రీనాథునికి ఆరోపితమైన చాటువులు తెలుగు పాఠకులకు కంఠస్థాలు. పల్నాటి రాళ్లను, నాగులేటి నీళ్లను, సజ్జజొన్న కూళ్లను ఎత్తిపొడిచే ఆ పద్యాలను సాధారణంగా ప్రాంతీయ హాస్యంగా చదువుతారు. కర్తృత్వం నిర్ధారితం కాకపోయినా అవి ఒక నాలుక దృష్టిని నిర్ధారిస్తాయి. సన్నన్నానికి, నేతికి, మంచినీటికి అలవాటుపడిన ఆ నాలుకకు జొన్నకూడు భోజనంగా తోచదు. పల్నాటివారు ఏమి తిన్నారో ఆ పద్యాల వలన తెలుస్తుంది. ఎంత ఇష్టంగా తిన్నారో తెలియదు.

వినుకొండ వల్లభరాయని పేర వ్యాప్తిలో ఉన్న ‘క్రీడాభిరామం’ ఇందుకు మరొక ఉదాహరణ. దీనికి మూలం రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’. కర్తృత్వాన్ని శ్రీనాథునికి ముడిపెట్టిన వాదం ఉన్నది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగంటి వీథుల్లో తిరుగుతూ చూసిన సంగతులలో పూటకూటింటి భోజనం ఒకటి. ఒక్క రూకకు మేలైన అన్నం, గోధుమ పిండివంటలు, పప్పు, నెయ్యి, అరటిపండ్లు, పెరుగు దొరకడం అందులోని వర్ణన. తెలుగులో సొమ్ము చెల్లించి తినే ‘బయటి భోజనా’నికి ఇది విలువైన సాక్ష్యం. విహారంలో ఆహారాన్ని ఆస్వాదించే వాడు అనే పాత్ర మన సాహిత్యంలో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఆ విహారం నగరవిహారం, ఆ భోజనం శాకభోజనం. అదే కావ్యంలో పల్నాటి వీరుల కథాగానమూ కనిపించడం గమనార్హం. పల్నాడు ఆ కావ్యంలోకి పాటగా ప్రవేశించింది కాని పంక్తిలోకి ప్రవేశించలేదు.

దీనికి చెప్పుకోదగిన మినహాయింపు శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’. ఋతువుకు తగిన భోజనం ఏదో చెప్పడంలో ఆ ప్రబంధానికి సాటి లేదు. విష్ణుచిత్తుని ఇంట అతిథులకు వడ్డించే వంటలు కాలానుగుణంగా మారుతాయి. చలికాలంలో మిరియపు కారం వేడి పుట్టిస్తుంది. అప్పటికి మిరపకాయ తెలుగు వంటలోకి రాలేదు. వానకాలంలో ఆకుకూరలు కలగలిపి వండుకొనే కాపుదనపు వంటా రాయల దృష్టి దాటిపోలేదు. వేసవి వర్ణనలో మామిడికాయ ముక్కలతో కలిపి వండిన చేపలను మధ్యాహ్నం తిని, ఆ కమటు త్రేన్పును సాయంకాలం తడి ఇసుకలో పాతి చల్లబరచిన కొబ్బరితో పోగొట్టుకొనే భోగులు కనిపిస్తారు. ఇది సముద్రతీరమని కవి చెప్పలేదు. కాని చేప, మామిడికాయ, ఇసుక, కొబ్బరి అనే నాలుగింటి కూర్పు నేటి తీరవిహారికి పూర్తిగా పరిచితమైనది. నెల్లూరు చేపలపులుసులో మామిడికాయ ముక్క నేటికీ తప్పనిసరి. ఒక వంట పద్ధతి అయిదువందల ఏళ్ల నిడివిలో కావ్యంలోను, వంటింటిలోను కనిపించడం ఆహారచరిత్రకారునికి దొరికే గట్టి ఆధారం.

అయితే ఆ పద్యంలోనూ తినేవాడు భోగి. వండినవారు, పట్టినవారు పద్యానికి వెలుపలే ఉన్నారు. మెట్టజొన్న హాస్యానికి గురికావడం, తీరపు చేప భోగిపాత్రలోకి వచ్చేవరకు వర్ణనకు నోచుకోకపోవడం వేర్వేరు విషయాలు కావు. వరిమాగాణుల సన్నన్నం నడుమ పీఠం వేసుకొని కూర్చొన్న కావ్యభోజనానికి అటు మెట్ట ఒక అంచు, ఇటు తీరం మరొక అంచు. ఉత్తరాంధ్ర తీరపల్లెల్లో చోడి అంబలి, పల్నాటిలో జొన్నసంకటి, రెండింటికీ నంజుడు ఎండుచేప. ఈ బంధుత్వాన్ని కావ్యం చెప్పలేదు. సంత చెప్పింది.

5. స్నానం, ఉపవాసం, వనభోజనం

లోనాటి జనం సముద్రానికి స్వయంగా వెళ్లిన సందర్భం పర్వస్నానం. సముద్రాన్ని సేవించవచ్చును కాని పర్వదినాల్లో తప్ప తాకరాదన్న ధర్మశాస్త్ర నియమం లోకంలో ప్రచారంలో ఉన్నది. దాని ఫలితంగా సముద్రదర్శనం పంచాంగంతో ముడివడింది. కార్తిక పౌర్ణమికి సూర్యలంక, చీరాల సమీపపు వాడరేవు, మాఘ పౌర్ణమికి కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి, పుష్య అమావాస్యకు కాకినాడ సమీపపు చొల్లంగి, మాఘమాసపు భీష్మ ఏకాదశికి అంతర్వేది జనంతో నిండిపోతాయి. అమరావతిని తాకుతూ పోయే కృష్ణమ్మ వెంట హంసలదీవిదాకా పోవడం పల్నాటివారికి తమ నదిని సాగనంపడం వంటిది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. తీరం జనంతో కిటకిటలాడే కార్తికమాసం చాల ఇళ్లలో మాంసమత్స్యాలు విడిచే మాసం. కొందరు పగలంతా ఉపవాసముండి నక్షత్రదర్శనం తరువాతనే భుజిస్తారు. స్నానానికి వెళ్లేవారు ఇంటినుంచే పులిహోర, దద్ధ్యోదనం మూటకట్టుకొని పోయి, విస్తళ్లలో వడ్డించుకొని ఒకే చోట కూర్చొని తినేవారు. ఉసిరిచెట్టు నీడన వనభోజనం అదే మాసపు ఆచారం. చెట్టుమీది కాయ, సముద్రంలోని ఉప్పు ఆ నెలలో పండుగ రూపంలో మళ్లీ కలుస్తాయి. తీరానికి ఎక్కువమంది వచ్చిన రోజులలోనే తీరపు ప్రధానాహారం వారి విస్తరిలో లేదు. కనుక యాత్రికునికీ జాలరికీ నడుమ భోజనసంబంధం ఏర్పడే అవకాశం ఆచారంలోనే తక్కువ. శతాబ్దాలపాటు ఒకే ఇసుకమీద రెండు వంటలు ఒకదానినొకటి తాకకుండ నడిచాయి.

దీనికి భిన్నమైన తీరభోజనం పూరీలో ఉన్నది. జగన్నాథుని మహాప్రసాదాన్ని కులభేదం పాటించక పంచుకొని తినే ఆచారం నుంచే తెలుగులో ‘సర్వం జగన్నాథం’ అనే పలుకుబడి ఏర్పడింది. నేడు దానిని కలగాపులగం అనే అర్థంలో వాడుతున్నా, మూలంలో అది సముద్రతీరాన సాధ్యమైన ఒక సహపంక్తికి గుర్తు. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుగుప్రయాణంలో జగన్నాథం దర్శించి తూర్పుతీరపు బాటన మద్రాసు చేరారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ మజిలీ మజిలీకి అంగళ్లు, వంటసామగ్రి, నీటివసతి లెక్కవేస్తుంది. యాత్రికుని దృష్టిలో మంచి ఊరు అంటే మంచినీరు, బియ్యం దొరికే ఊరు.

6. పానీయాలు: దొరువునీరు, బొండం, తాటిచెట్టు

ఆ కొలమానం తీరానికి కఠినమైనది. ఎదురుగా ఎల్లలెరుగని నీరు ఉన్నా తాగడానికి చుక్క ఉండదు. శ్రీనాథుని చాటువు పల్నాటి నీటిని నిందించింది. తీరవాసికి కూడ నీటి కష్టం తక్కువేమీ కాదు. ఆ కష్టానికి తీరం కనిపెట్టిన ఉపాయం దొరువు. బాపట్ల, చీరాల ఇసుకభూములలో వాననీరు ఇంకి, బరువైన ఉప్పునీటిమీద తేలికైన మంచినీటి పొరగా నిలుస్తుంది. లోతుగా తవ్వితే ఉప్పునీరు పైకి వస్తుంది. కనుక లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా గుంట తీసి పైపొరను మాత్రమే తోడుకొంటారు. అదే దొరువు. ఇది తరతరాల భూగర్భజల విజ్ఞానం. సముద్రపు ఒడ్డున తియ్యనినీరు తాగడమనే అనుభవం వెనుక ఎంతో ఒడుపు ఉన్నదని గుర్తించాలి.

రెండవ పానీయం కొబ్బరినీరు. మూడవది తాటిచెట్టు ఇచ్చేది. వేసవిలో ముంజలు, తరువాత పండ్లు, చలికాలంలో తేగలు, గీసినప్పుడు కల్లు, కాచినప్పుడు బెల్లం. పల్నాటి గట్లమీదా తాటిచెట్లు ఉన్నాయి కనుక ఈ రుచి మెట్టకూ తీరానికీ ఉమ్మడిసొత్తు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కల్లుగీతను పన్నుల చట్రంలో బిగించింది. ఉప్పు, కల్లు రెండూ పేదవాని ఆహారపానీయాలే. రెండింటిమీదా వలసప్రభుత్వపు రాబడి ఆధారపడడం యాదృచ్ఛికం కాదు. అవి లేనిదే శ్రమజీవికి పూట గడవదు.

7. గాలిమార్పు నుంచి విహారస్థలం వరకు

తీరం సుఖస్థానం అనే భావం ఐరోపా నుంచి వచ్చింది. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే ఆంగ్లవైద్యుడు సముద్రపునీటిని ఔషధంగా సేవించవచ్చునని గ్రంథం రాశాడు. ఆ ప్రచారంతో ఇంగ్లండులో సముద్రతీర పట్టణాలు ఆరోగ్యనివాసాలుగా పెరిగాయి. డచ్చివారి స్థావరమైన భీమునిపట్నం, ఆంగ్లేయుల వాల్తేరు మన తీరంలో ఆ అలవాటుకు నేలనిచ్చాయి. చదువుకొన్న తెలుగువారి భాషలోకి ‘గాలిమార్పు’ అనే మాట వచ్చింది. విజయవాడ–మద్రాసు రైలుమార్గం 1899లో కలవడంతో బాపట్ల, చీరాల రైలుకు అందాయి. తరువాత గుంటూరు–మాచర్ల మార్గం పల్నాటిని గుంటూరుకు కలిపింది. పంచాంగం నిర్ణయించిన యాత్ర స్థానంలో సెలవుదినం నిర్ణయించే విహారం వచ్చింది. సెలవునాడు తీరానికి వెళ్లినవానికి చేప తినడానికి అభ్యంతరం లేదు. ఈ మార్పే సముద్రతీర ఆహారాన్ని విహారపు ఆకర్షణగా నిలబెట్టింది.

నేడు ఈ అనుభవం తీరం పొడవునా రకరకాలుగా ఉన్నది. విశాఖ తీరంలో మరమరాలు, ఉల్లి, నిమ్మరసం కలిపిన మురీ మిక్చరు సాయంకాలపు చిరుతిండి. కాకినాడ కాజా, బందరు లడ్డు తీరపట్టణాల తీపి గుర్తులు. యాత్రికుడు ఇంటికి తీసుకుపోయే మూటలో వాటికి స్థానం ఉన్నది. వంజరం, చందువ ముక్కల వేపుడు, పీతల ఇగురు, పండుగప్ప పులుసు సూర్యలంక నుంచి నెల్లూరు దాకా పేరున్న వంటలు. చింతపండు పులుసులో మట్టిదాకలో వండిన చేప మరునాటికి మరింత రుచిస్తుందన్నది వండేవారందరి అనుభవం. ముక్కకు పులుపు పట్టడానికి ఆ వ్యవధి కావాలి. తీరంలో తినే వేపుడు ఎరుపు మాత్రం తీరానిది కాదు. పోర్చుగీసువారి ఓడలలో వచ్చి స్థిరపడిన మిరప నేడు పల్నాటి ప్రధానపంట. సముద్రం మెట్టకు ఉప్పు పంపగా మెట్ట సముద్రానికి కారం పంపింది. సూర్యలంకలో చేపముక్క కొరికే పల్నాటి యాత్రికుడు తన చేని పంటనే తీరాన తింటూ ఉండవచ్చు.

ఈ ఆస్వాదనలో ఒక వైరుధ్యమూ ఉన్నది. తూర్పుతీరంలో చేపలు గుడ్లుపెట్టే కాలాన్ని కాపాడడానికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రికపడవల వేట నిషిద్ధం. పాఠశాలల వేసవిసెలవులు సరిగా ఈ రోజుల్లోనే వస్తాయి. తీరానికి యాత్రికులు ఎక్కువగా వచ్చే కాలంలో తీరపు పడవలు ఒడ్డున ఉంటాయి. అప్పుడు దొరికే తాజా సముద్రపుచేప ప్రధానంగా తెప్పమీద వెళ్లే చిన్నవేటగానిది. పళ్లెంలోని రొయ్య చాల సందర్భాలలో చెరువుది. పసిఫిక్ తీరానికి చెందిన వనామి రొయ్యను 2009లో మన దేశంలో అనుమతించిన తరువాత ఆంధ్రతీరపు చెరువులు దానితో నిండాయి. సముద్రాన్ని చూస్తూ తినే రొయ్య సముద్రాన్ని ఎరగనిది కావచ్చు. ఋతువును బట్టి భోజనాన్ని నిర్ణయించిన ఆముక్తమాల్యద దృష్టి నేటి యాత్రికునికి ఇక్కడ ఉపకరిస్తుంది. వేట సాగే శరత్, హేమంత కాలాల్లో తాజాచేప, వేసవిలో ముంజలు, బొండాలు, మామిడితో వండిన ఎండుచేప తీరానికి సహజమైన క్రమం.

8. చాపకూడు: ఒక కొలమానం

పన్నెండవ శతాబ్దపు పల్నాటిలో బ్రహ్మనాయుడు మాచర్ల కేంద్రంగా చాపకూడు నడిపినట్లు వీరగాథాసంప్రదాయం చెబుతుంది. కులభేదం లేక ఒకే చాపమీద కూర్చొని తినడం దాని సారం. దళితుడైన కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనానిని చేసిన కథ ఆ పంక్తికి పొడిగింపు. కారెంపూడిలో కార్తికంలో జరిగే వీరారాధనోత్సవాలలో చాపకూడు నేటికీ ఒక ఘట్టం. తీరాన పర్వస్నానాలు జరిగే మాసంలోనే మెట్టన ఈ సహపంక్తి జరగడం గమనించదగినది. అక్కి రాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో వెలుగులోకి తెచ్చిన పల్నాటి వీరచరిత్రను మనం శౌర్యగాథగా చదివాము. ఆహారచరిత్రగా కూడ చదవవచ్చును. ఏమి తిన్నారనే ప్రశ్నకంటె ఎవరితో తిన్నారనే ప్రశ్నను ఆ కథ ముందుకు తెచ్చింది.

ఆ ప్రశ్నను తీరవిహారానికి వర్తింపజేస్తే ఫలితం మిశ్రమంగా కనిపిస్తుంది. ఒకప్పుడు పర్వస్నానపు యాత్రికుడు జాలరి వంట తినలేదు. నేటి విహారి ఇష్టంగా తింటున్నాడు. ఇది మార్పే. కాని వాడబలిజ, జాలారి, పల్లెకారు, పట్టపు కులాల వంట యాత్రికుని పళ్లెంలోకి వచ్చినంతగా ఆ వండేవారి పేరు, పదం, జ్ఞానం మన గ్రంథాలలోకి రాలేదు. చేప తాజాదనం కన్ను చూసి చెప్పడం, ఏ చేపకు ఎంత పులుపో తెలియడం, ఎండబెట్టడంలో ఇసుకకూ గాలికీ లెక్క చూడడం లిఖితం కాని పాకశాస్త్రం. ఒకే చేప నెల్లూరులో వంజరం, ఉత్తరాంధ్రలో కోనాం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం సేద్యపు పదాలకు చేసిన సేవ ఎటువంటిదో మనకు తెలుసు. తీరపల్లెల వంటపదాలకు, పానీయపదాలకు, దొరువు పరిభాషకు అటువంటి శ్రద్ధ విస్తృతంగా దక్కాలి. తెలుగు శాఖలు చేయగల పని ఇది. ఇంగువ, కర్పూరాల పుట్టుకను వెతికినంత ఓపికతో నెత్తళ్ల పేర్లను వెతకవలసి ఉన్నది.

9. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి. సముద్రతీర ఆహారం లోనాడుకు మొదట ఉప్పుగా, ఎండుచేపగా, ధనికులకు రేవు సుగంధాలుగా చేరింది. దానిని మోసిన ఎరుకల, లంబాడీల చరిత్ర ఆహారచరిత్రలో భాగమే. పర్వస్నానాలు జనాన్ని తీరానికి తెచ్చినా, ఆచారం వలన తీరపు వంటకు దూరంగానే ఉంచాయి. సెలవుదిన విహారం ఆ దూరాన్ని చెరిపింది. కావ్యభోజనం వరిమాగాణుల రుచిని ప్రమాణంగా తీసుకోవడం వలన మెట్టజొన్న, తీరపుచేప రెండూ అంచులకు పోయాయి. ఆముక్తమాల్యదలోని చేప–మామిడి వర్ణన ఆ ప్రమాణంలో పడిన అరుదైన చీలిక.

మోటుపల్లి శాసనం ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరకు వర్తకునిదేనని అంగీకరించింది. ఒడ్డున వండిన వంట వండినవారిదని అంగీకరించడం నేటి పరిశోధన బాధ్యత. నడికుడిలో రైలెక్కి సూర్యలంకలో దిగే యాత్రికుడు చేప తిని, బొండం తాగి, ఎండురొయ్యల పొట్లం కట్టించుకొని తిరిగివస్తాడు. ఆ పొట్లం వచ్చే దారి ఉప్పు ఎరుకల ఎద్దులు నడిచిన దారే.